‘వాళ్ల నాన్నకీ లేటుగానే మాటలొచ్చాయి’ అని ఆగుతున్నారా?.. చిన్నపిల్లలు ఎలా ఎదుగుతారో, ఎక్కడ ఆగకూడదో తెలుసుకోండి!

బాబుకి రెండేళ్లు నిండాయి. చక్కగా పరిగెడుతున్నాడు. ఫోన్ చేతికిస్తే తనే వీడియో పెట్టుకుంటాడు, యాడ్ వస్తే స్కిప్ కూడా కొట్టేస్తాడు. కానీ ‘అమ్మ’, ‘తాత’ తప్ప మూడో మాట లేదు. అమ్మకి లోపల గుబులు. నానమ్మ మాత్రం ‘‘వాళ్ల నాన్నకీ మూడేళ్లకే మాటలొచ్చాయి. ఇప్పుడు చూడు, ఆగకుండా మాట్లాడతాడు. ఏం కాదులే అమ్మాయ్’’ అంటోంది. పక్కింటావిడేమో ‘‘మా పాపయితే ఏడాదిన్నరకే పాటలు పాడేసేది’’ అంటోంది. ఈ ముగ్గురిలో ఎవరు కరెక్ట్?

నానమ్మ మాటలో సగం నిజం ఉంది. పిల్లలందరూ ఒకే స్పీడులో ఎదగరు. అమ్మ గుబులులోనూ నిజం ఉంది. ఎంత లేటైనా పర్లేదు అనుకోవడానికి వీల్లేదు, దానికో హద్దు ఉంది. పక్కింటి పాపతో పోలిక మాత్రం ఎందుకూ పనికిరాదు. ఆ హద్దు ఎక్కడుందో తెలియకే చాలా ఇళ్లలో విలువైన నెలలు గడిచిపోతున్నాయి. అందుకే తల్లిదండ్రులే కాదు.. పిల్లల్ని చూసుకునే అమ్మమ్మలు, తాతయ్యలు, ఆయాలు, అంగన్‌వాడీ టీచర్లు అందరూ ఈ విషయాలు తెలుసుకోవాలి.

పెరుగుదల వేరు.. వికాసం వేరు

‘‘పిల్లాడు బొద్దుగానే ఉన్నాడు కదా, ఇంకేం ప్రాబ్లమ్?’’ అని చాలామంది అంటుంటారు. మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతోంది. బరువు, పొడవు, తల చుట్టుకొలత.. వీటిని కాటా, టేపు పెట్టి కొలవచ్చు. ఇది పెరుగుదల. మెడ నిలపడం, మనల్ని చూసి నవ్వడం, పిలిస్తే తిరగడం, మాట్లాడటం, ఇంకొకరితో కలిసి ఆడటం.. ఇవి కాటాకి అందవు. ఇది వికాసం. బరువు బాగున్నంత మాత్రాన వికాసం కూడా బాగుందని గ్యారంటీ లేదు.

పెరుగుదలకి ఓ అంచనా ఉంది. పుట్టినప్పుడు 3 కిలోలున్న బిడ్డ సుమారు 5 నెలలకి రెట్టింపు, అంటే 6 కిలోలు అవుతుంది. ఏడాదికి మూడు రెట్లు, అంటే 9 కిలోల దగ్గరకి వస్తుంది. పుట్టినప్పుడు దాదాపు 50 సెంటీమీటర్ల పొడవుండే బిడ్డ ఏడాదికి 75 సెంటీమీటర్ల దాకా వస్తుంది. అయితే ఒక్కరోజు బరువు చూసి కంగారు పడొద్దు. అంగన్‌వాడీలో ఇచ్చే తల్లీబిడ్డల కార్డులో గ్రోత్ చార్ట్ ఉంటుంది. నెలనెలా పెట్టే చుక్కల్ని కలిపే గీత పైకి వెళ్తోందా, అడ్డంగా ఆగిపోయిందా, కిందికి దిగుతోందా అన్నదే ముఖ్యం. చాలా ఇళ్లలో ఈ కార్డు టీకా రోజున తప్ప బీరువాలోంచి బయటికి రాదు. అదే కార్డులో ఏ నెలకి బిడ్డ ఏం చేయాలో కూడా బొమ్మలతో ఉంటుంది. ఓసారి తీసి చూడండి.

బొబ్బట్లు, అరిసెలు.. మన పెద్దల లెక్క ఇదే!

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, పలుకు వస్తే పంచదార చిలకలు.. కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఈ వేడుకలు చేస్తారు. గమనిస్తే ఇది స్వీట్ల లిస్టు మాత్రమే కాదు. బిడ్డ ఎదుగుదలలో ఏ మెట్టు ఎప్పుడు ఎక్కిందో ఇంటిల్లిపాదీ గుర్తుపెట్టుకునే పద్ధతి. మెట్లు ఒక వరుసలోనే వస్తాయని మన పెద్దలకి ఎప్పుడో తెలుసు.

సైన్స్ కూడా అదే చెబుతోంది. టెట్, డీఎస్సీకి ప్రిపేర్ అయినవాళ్లకి ‘శిరోపాదాభిముఖ వికాసం’ అనే మాట గుర్తుండే ఉంటుంది. సింపుల్‌గా చెప్పాలంటే, శరీరం మీద పట్టు తల నుంచి పాదాల వైపు వస్తుంది. ముందు మెడ నిలుస్తుంది, తర్వాత నడుము నిలిచి కూర్చుంటారు, ఆ తర్వాతే కాళ్లు నిలుస్తాయి. రెండోది, ఒంటి మధ్య నుంచి చివర్లకి. ముందు భుజం, తర్వాత చెయ్యి, చివరికి వేళ్లు. అందుకే 6 నెలల బిడ్డ గిలక్కాయని అరచేత్తో గుప్పున పట్టుకుంటుంది. ఏడాది దగ్గర పడ్డాక అదే బిడ్డ నేల మీది మరమరాన్ని రెండు వేళ్లతో ఏరి నోట్లో పెట్టుకుంటుంది.

మూడోది, ఒక మెట్టు మీదే ఇంకో మెట్టు. ‘‘నడక వచ్చింది కానీ మాట రాలేదు, రెండింటికీ సంబంధం ఏముంది?’’ అనుకుంటాం. కానీ పాకే పిల్లలు తమంతట తాము వస్తువుల దగ్గరికి వెళ్తారు, అక్కణ్నుంచి వెనక్కి తిరిగి మన వైపు చూస్తారు, మనం ‘అది చీపురు’ అంటాం. అలా కదలిక నుంచే మాట పుడుతుంది. ఒళ్లు, మాట, ఆలోచన, మనసు.. నాలుగూ ఒకదాన్ని పట్టుకుని ఇంకోటి ఎదుగుతాయి.

వరుస ఒకటే.. స్పీడు మాత్రం ఎవరిది వాళ్లదే

మరి ఎంత తేడా ఉండొచ్చు? దీనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ దగ్గర గట్టి లెక్క ఉంది. 1997 నుంచి 2003 వరకు బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా.. ఈ ఆరు దేశాల్లో ఆరోగ్యంగా పెరుగుతున్న పిల్లల్ని గమనించారు. మన దేశంలో సౌత్ ఢిల్లీ పిల్లలు ఇందులో ఉన్నారు. 2006లో ఫలితాలు బయటికి వచ్చాయి. ఇప్పుడు మన అంగన్‌వాడీల్లో వాడే గ్రోత్ చార్ట్ కూడా ఈ స్టడీ నుంచి వచ్చిందే. బ్రెజిల్ తప్ప మిగతా ఐదు దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఏ పని ఎప్పుడు చేశారంటే..

- ఆసరా లేకుండా కూర్చోవడం: 3.8 నుంచి 9.2 నెలల మధ్య
- పట్టుకుని నిలబడటం: 4.8 నుంచి 11.4 నెలల మధ్య
- చేతులు, మోకాళ్ల మీద పాకడం: 5.2 నుంచి 13.5 నెలల మధ్య
- పట్టుకుని నడవడం: 5.9 నుంచి 13.7 నెలల మధ్య
- ఆసరా లేకుండా నిలబడటం: 6.9 నుంచి 16.9 నెలల మధ్య
- సొంతంగా నడవడం: 8.2 నుంచి 17.6 నెలల మధ్య

చూశారుగా.. ఒక బిడ్డ 9 నెలలకి నడిచినా నార్మలే, ఇంకో బిడ్డ 16 నెలలకి నడిచినా నార్మలే. ముందు నడిచిన పిల్లలు తెలివైనవాళ్లనీ కాదు, లేటుగా నడిచినవాళ్లు మందమనీ కాదు. ఇంకో విషయం.. ఆ స్టడీలో సుమారు 4 శాతం మంది పిల్లలు అసలు చేతులు, మోకాళ్ల మీద పాకనే లేదు. నేరుగా లేచి నడిచేశారు. కాబట్టి ‘మావాడు పాకలేదు’ అన్న ఒక్క కారణంతో బెంగ పెట్టుకోవద్దు.

కానీ ప్రతి లైన్ చివర ఉన్న రెండో నంబర్ చూడండి. 9.2, 17.6.. ఆ రెండో నంబరే హద్దు. దాదాపు పిల్లలందరూ ఆ లోపే ఆ పని చేసేస్తారు. 18 నెలలు దాటినా సొంతంగా నడవకపోతే అది ‘ఎవరి స్పీడు వాళ్లది’ అనే లెక్కలోకి రాదు. డాక్టర్‌కి చూపించాల్సిందే.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి లెక్క కొంచెం మారుతుంది. రెండు నెలలు ముందు పుడితే, 10 నెలల వయసులో 8 నెలల బిడ్డలా లెక్కేయాలి. రెండేళ్లు వచ్చేదాకా డాక్టర్లు ఇలాగే చూస్తారు.

తొందరగా నడిపించాలని వాకర్‌లో కూర్చోబెట్టడం కూడా వద్దు. వాకర్ వల్ల నడక త్వరగా రాదు సరికదా, మెట్ల మీంచి పడే ప్రమాదం ఉంది. కెనడాలో 2004 నుంచి వీటి అమ్మకాన్నే నిషేధించారు. నేల మీద చాప పరిచి వదిలేయడమే బెస్ట్.

వస పోస్తే మాటలు వస్తాయా?

వాగుడుకాయల్ని ‘వసపిట్ట’ అంటాం. చిన్నప్పుడు వసకొమ్ము అరగదీసి నాకిస్తే మాటలు బాగా వస్తాయని నమ్మకం. కానీ మాటలు నాలుక మీద పూసేదాంతో రావు, చెవిలో పడేదాంతో వస్తాయి. పైగా మొదటి 6 నెలలు తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టొద్దని డాక్టర్లు గట్టిగా చెబుతున్నారు. వస కూడా ఆ ‘ఇంకేమీ’లోనే ఉంది.

మాట లేటైనప్పుడు ముందు అనుమానించాల్సింది చెవిని. సరిగ్గా వినపడని బిడ్డ కూడా మొదటి నెలల్లో కేరింతలు కొడుతుంది, నవ్వుతుంది. అందుకే ఇంట్లో కనిపెట్టడం కష్టం. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, తేడా ఉంటే 3 నెలల్లోపు నిర్ధారణ, 6 నెలల్లోపు చికిత్స మొదలు.. నిపుణులు చెప్పే లెక్క ఇది. అప్పుడు చేయించకపోయినా ఇప్పుడు చేయించొచ్చు.

‘‘ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లిష్, పక్కింట్లో ఉర్దూ.. అందుకే కన్ఫ్యూజ్ అవుతున్నాడు’’ అనే మాట హైదరాబాద్, బెంగళూరు నుంచి అమెరికా దాకా తెలుగు ఇళ్లలో వినిపిస్తుంది. రెండు భాషలు వినడం వల్ల మాటల సమస్య రాదు. బిడ్డతో మాట్లాడాలంటే మీకు ఏ భాష సులువుగా, మనసారా వస్తుందో ఆ భాషలోనే మాట్లాడండి. తెలుగు మానేసి వచ్చీరాని ఇంగ్లిష్‌లో మాట్లాడితే బిడ్డకి వినపడే మాటలే తగ్గిపోతాయి.

ఫోన్ అన్ని మాటలు చెబుతోంది కదా.. మరి ఎందుకు రావట్లేదు?

ఇది మీరు ఫోన్‌లోనే చదువుతున్నారు కాబట్టి ఈ పార్ట్ కొంచెం జాగ్రత్తగా చదవండి. రైమ్స్ వీడియోలో రోజంతా మాటలే ఉంటాయి. అయినా బిడ్డకి మాట ఎందుకు రాదు?

2003లో అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీలో ప్యాట్రీషియా కుల్ టీమ్ ఒక ప్రయోగం చేసింది. ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్లలోని 9 నెలల పిల్లల్ని తీసుకున్నారు. ఒక గ్రూపుకి చైనా భాష అయిన మాండరిన్ మాట్లాడేవాళ్లు నేరుగా ఎదురుగా కూర్చుని పుస్తకాలు చదివి, బొమ్మలతో ఆడించారు. మొత్తం 12 సార్లు, ఒక్కోసారి 25 నిమిషాలు. ఆ పిల్లలు మాండరిన్ శబ్దాల్లో తేడాని గుర్తుపట్టడం నేర్చేసుకున్నారు. ఇంకో గ్రూపుకి అవే మాటలు, అదే మనుషులు.. కాకపోతే వీడియోలో. వాళ్లు నేర్చుకున్నది ఏమీ లేదు. మాండరిన్ అసలు విననివాళ్లకీ, వీళ్లకీ తేడా కనిపించలేదు.

మనిషికీ, వీడియోకీ తేడా ఏంటి? మనిషి తిరిగి స్పందిస్తాడు. బిడ్డ ‘ఊ’ అంటే మనమూ ‘ఊ’ అంటాం. ఫ్యాన్ వైపు చూస్తే ‘ఫ్యాన్ తిరుగుతోందా నాన్నా’ అంటాం. షటిల్ ఆడినట్టే ఇది. ఒకరు కొడితే ఇంకొకరు తిరిగి కొట్టాలి. హార్వర్డ్ యూనివర్సిటీలోని పిల్లల వికాస కేంద్రం కూడా దీన్ని ఇలా ఆటతోనే పోలుస్తుంది. మొదటి కొన్నేళ్లలో మెదడులో సెకనుకి పది లక్షలకి పైగా కొత్త కనెక్షన్లు ఏర్పడతాయని, అవి గట్టిపడేది ఈ ఇచ్చిపుచ్చుకోవడంతోనే అని ఆ కేంద్రం చెబుతోంది. వీడియో ఎంత అందంగా ఉన్నా బిడ్డ అన్న ‘ఊ’కి బదులివ్వదు.

ఇంకో ప్రయోగం గురించి కూడా తెలుసుకోవాలి. 1970ల్లో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే సైకాలజిస్టు చేశారు. తల్లి బిడ్డతో ముచ్చటగా ఆడుతుంది. ఒక్కసారిగా ముఖంలో ఏ భావమూ లేకుండా బిడ్డ వైపు ఊరికే చూస్తూ ఉండిపోతుంది. బిడ్డ ముందు నవ్వుతుంది, చేతులు చాస్తుంది, అరుస్తుంది. అమ్మలో కదలిక లేదు. కాసేపటికే తల తిప్పేసుకుని ఏడుపు అందుకుంటుంది. ఇదంతా నిమిషాల్లోనే జరిగిపోతుంది. బిడ్డ ఒళ్లో ఉండగా మనం రీల్స్ చూస్తున్నప్పుడు మన ముఖం ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. పిల్లల చేతిలోని ఫోన్ గురించే మాట్లాడుతున్నాం కానీ, మన చేతిలోని ఫోన్ గురించి కూడా మాట్లాడుకోవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం రెండేళ్లలోపు పిల్లలకి స్క్రీన్ అవసరం లేదు. 2 నుంచి 4 ఏళ్ల పిల్లలకి రోజుకి గంటకి మించొద్దు, ఇంకా తగ్గితే మంచిది. మన దేశంలోని పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ కూడా దాదాపు ఇదే చెబుతోంది. అయితే ఒక మినహాయింపు ఇచ్చింది.. అమెరికాలో ఉన్న అత్తయ్యతోనో, ఊళ్లో ఉన్న తాతయ్యతోనో వీడియో కాల్ మాట్లాడించొచ్చు. ఎందుకంటే అక్కడ అవతలి మనిషి బదులిస్తాడు.

పుస్తకాల్లో థియరీలు.. ఇంట్లో కనిపించేది ఇలా

పియాజే, వైగాట్‌స్కీ అంటే పరీక్షల కోసం బట్టీ పట్టే పేర్లు అనుకుంటాం. కానీ వాళ్లు చెప్పినవి మన హాల్లో, వంటింట్లో రోజూ కనిపిస్తాయి.

చెంచా పదిసార్లు పడేస్తున్నాడా?: కుర్చీలో కూర్చోబెడితే చెంచా కింద పడేస్తాడు, మనం తీసిస్తే మళ్లీ పడేస్తాడు. అల్లరి కాదు, అది వాడి సైన్స్ ల్యాబ్. స్విట్జర్లాండ్‌కి చెందిన జీన్ పియాజే ప్రకారం రెండేళ్ల వరకు పిల్లలు చూసి, తాకి, నోట్లో పెట్టుకుని, పడేసి నేర్చుకుంటారు. కనిపించకుండా పోయిన వస్తువు ఎక్కడో ఉంటుందన్న సంగతి మెల్లగా తెలుస్తుంది. ముఖానికి చెంగు అడ్డం పెట్టి ‘బూ’ అంటే పకపకా నవ్వేది అందుకే. బిడ్డలకి ఈ విషయాలు పియాజే అనుకున్నదానికంటే ముందే తెలుస్తాయని తర్వాతి పరిశోధకులు తేల్చారు. అయినా అసలు మాట మారలేదు.. చేతులతో చేస్తేనే బుర్రకి ఎక్కుతుంది.

ఫోన్‌లో తల ఊపుతోందా?: మామూలు కాల్‌లో అమ్మమ్మ ‘అన్నం తిన్నావా?’ అంటే మూడేళ్ల పాప మాట్లాడకుండా తల ఊపుతుంది. తనకి తెలిసింది అమ్మమ్మకీ కనిపిస్తోందనుకుంటుంది. పియాజే 2 నుంచి 7 ఏళ్ల దశలో చెప్పిన లక్షణం ఇదే. ఈ వయసు బిడ్డని ‘నీకు అర్థం కాదా, వాళ్లకి ఎంత బాధేస్తుందో?’ అని కోప్పడితే లాభం లేదు. ‘చూడు, తమ్ముడు ఏడుస్తున్నాడు, నొప్పి పుట్టింది’ అని చూపించి చెప్పాలి.

చొక్కా గుండీ ఎవరు పెట్టాలి?: పియాజే పుట్టిన 1896లోనే నాటి రష్యా సామ్రాజ్యంలో లెవ్ వైగాట్‌స్కీ పుట్టారు. 37 ఏళ్లకే చనిపోయినా ఆయన చెప్పిన మాట ఇప్పటికీ టీచర్లకి దారి చూపిస్తోంది. బిడ్డ ఒంటరిగా చేయలేనిది, కానీ పక్కన పెద్దవాళ్లు కొంచెం సాయం చేస్తే చేయగలిగేది.. నేర్చుకోవడం జరిగేది అక్కడే. గుండీ మొత్తం మీరే పెట్టేస్తే నేర్చుకునేది ఏమీ లేదు. పూర్తిగా వదిలేస్తే విసుగొచ్చి ఏడుస్తాడు. కన్నంలోకి సగం దూర్చి, మిగతా సగం వాణ్ని లాగమనండి.

‘నేనే తింటా’ అని గొడవ చేస్తోందా?: ఎరిక్ ఎరిక్‌సన్ ప్రకారం మొదటి ఏడాదిలో బిడ్డ తేల్చుకోవాల్సింది ‘ఈ మనుషుల్ని నమ్మొచ్చా?’ అని. ఆ తర్వాత మూడేళ్ల దాకా తేల్చుకునేది ‘నేను సొంతంగా చేయగలనా?’ అని. పప్పన్నం ముద్ద సగం ఫ్రాక్ మీదే పడుతుంది. పడనివ్వండి. ప్రతిసారీ చేతిలోంచి గిన్నె లాక్కుంటే ‘నా వల్ల కాదు’ అన్న పాఠమే మిగులుతుంది.

‘ఎత్తుకుంటే చెయ్యి మరుగుతాడు’ నిజమేనా?: జాన్ బౌల్బీ అనే బ్రిటిష్ డాక్టర్ తల్లీబిడ్డల బంధం గురించి 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి రిపోర్ట్ ఇచ్చారు. ఏడిస్తే పలికే మనిషి ఉన్నారన్న నమ్మకం బిడ్డకి ఆకలి తీరడంతో సమానం. మొదటి నెలల్లో ఏడ్చినప్పుడల్లా ఎత్తుకుంటే బిడ్డ చెడిపోడు. పైగా ఆ ధీమాతోనే తర్వాత ఒళ్లోంచి దిగి లోకాన్ని చూడటానికి వెళ్తాడు. ఆ మనిషి అమ్మే అయి ఉండాలన్న రూలేమీ లేదు. నాన్న, అమ్మమ్మ, క్రెష్‌లో ఆయా ఎవరైనా కావచ్చు. కాకపోతే రోజుకొకరు మారకూడదు. ఉద్యోగానికి వెళ్లే అమ్మలు ఈ విషయంలో తమని తాము తిట్టుకోవాల్సిన పనిలేదు.

కొట్టి మాన్పించొచ్చా?: 1961లో ఆల్బర్ట్ బండూరా చేసిన ప్రయోగంలో పెద్దవాళ్లు ఒక బొమ్మని కొట్టడం చూసిన పిల్లలు, ఆ తర్వాత అదే బొమ్మని అచ్చం అలాగే కొట్టారు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అంటూ బెత్తం తీసేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఇది. చెల్లిని కొట్టొద్దని చెబుతూ వాణ్ని కొడితే, వాడు నేర్చుకునేది మాట కాదు.. దెబ్బ.

ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు.. ఇదిగో రుజువు

ఇవన్నీ డబ్బున్నవాళ్లకే సాధ్యం అనుకోవద్దు. 1986-87లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో పేద వాడల్లో, వయసుకి తగ్గ ఎత్తు పెరగని 129 మంది పిల్లల్ని ఎంచుకున్నారు. అందరూ 9 నుంచి 24 నెలల వయసువాళ్లే. వాళ్లలో కొందరి ఇళ్లకి ఆరోగ్య కార్యకర్తలు వారానికో గంట చొప్పున రెండేళ్ల పాటు వెళ్లారు. మన ఆశా వర్కర్ల లాంటివాళ్లే. ఇంట్లో చేసిన బొమ్మలతో బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లులకి చూపించారు. అంతే!

20 ఏళ్ల తర్వాత ఆ పిల్లల్ని మళ్లీ కలిశారు. అలా ఆటలు, మాటలు అందిన పిల్లలు పెద్దయ్యాక, అందనివాళ్లకంటే 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారని తేలింది. 2014లో ఈ ఫలితాలు బయటికొచ్చాయి. వారానికో గంట మాటలు, ఆటలు ఇరవై ఏళ్ల తర్వాత జీతంలో కనిపించాయన్నమాట.

మన దగ్గర కూడా కేంద్ర ప్రభుత్వం 2024లో ‘నవచేతన’ పేరుతో మూడేళ్లలోపు పిల్లల కోసం 140 ఆటపాటల క్యాలెండర్ తెచ్చింది. అంగన్‌వాడీ కార్యకర్తలు ఇంటికొచ్చినప్పుడు వీటి గురించి అడగండి. ఈలోపు ఇంట్లో ఇలా మొదలుపెట్టొచ్చు..

- స్నానం చేయించేటప్పుడు ‘ఇదిగో చెయ్యి, ఇదిగో పొట్ట, నీళ్లు వెచ్చగా ఉన్నాయా?’ అంటూ చేసే ప్రతి పనీ చెప్పండి.
- అడిగాక ఆగండి. ఐదు అంకెలు లెక్కపెట్టేంత సేపు బిడ్డకి టైమ్ ఇవ్వండి. మనమే ప్రశ్న, మనమే జవాబు అయితే వాళ్ల వంతు ఎప్పుడొస్తుంది?
- ‘బువ్వ’ అంటే ‘బువ్వ కావాలా? వేడి బువ్వ పెడతా’ అని ఒక మాట పెంచి తిరిగివ్వండి.
- గిన్నెలు, గరిటెలు, ఖాళీ డబ్బాలు, మూతలు ఇచ్చేయండి. బొమ్మల షాపుకి వెళ్లక్కర్లేదు. పచ్చి శనగగింజలు, బటన్ బ్యాటరీలు లాంటి గొంతులో ఇరుక్కునేవి మాత్రం అందకుండా ఉంచండి.
- అన్నం తినేటప్పుడు ఫోన్ పక్క గదిలో పెట్టండి. మీది కూడా.
- నిద్ర తగ్గనివ్వొద్దు. 1-2 ఏళ్ల పిల్లలకి పగటి నిద్రతో కలిపి 11 నుంచి 14 గంటలు, 3-4 ఏళ్లవాళ్లకి 10 నుంచి 13 గంటలు కావాలి.

ఈ గుర్తులు కనిపిస్తే మాత్రం ఆగొద్దు!

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కింద చెప్పిన వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ‘ఇంకో ఆర్నెల్లు చూద్దాం’ అనొద్దు.

- పెద్ద శబ్దానికి ఉలిక్కిపడకపోవడం, పిలిస్తే తిరగకపోవడం
- 9 నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం
- ఏడాదికి ‘బాబాబా, దాదాదా’ లాంటి శబ్దాలు కూడా లేకపోవడం
- ఏడాదికి టాటా చెప్పడం, చూపుడు వేలితో చూపించడం లాంటి సైగలు లేకపోవడం
- 16 నెలలకి ఒక్క మాట కూడా లేకపోవడం
- 18 నెలలకి నడక రాకపోవడం
- రెండేళ్లకి ‘అమ్మ రా’, ‘పాలు కావాలి’ లాంటి రెండు మాటల్ని సొంతంగా కలపలేకపోవడం
- ఏ వయసులోనైనా సరే, వచ్చిన మాటలు, నవ్వులు, ఆటలు మళ్లీ పోవడం

చివరిది చాలా ముఖ్యం. వచ్చిన మాట పోవడం ‘లేటు’ కాదు. అసలు ఒక్కరోజు కూడా వాయిదా వేయొద్దు.

ఈ గుర్తులు ఉన్నాయంటే జబ్బు ఉన్నట్టే అని కాదు. లేటుగా మాటలొచ్చిన పిల్లల్లో చాలామంది తర్వాత అందుకుంటారు. వాళ్ల నాన్న కూడా అలాంటివారే అయి ఉండొచ్చు. కానీ ఎవరు అందుకుంటారో, ఎవరు వెనకపడతారో ఇంట్లో కూర్చుని చెప్పలేం. చూపించి ‘ఏం లేదు’ అనిపించుకుంటే పోయేది ఒక పూట. చూపించకుండా ఆగితే, ఒకవేళ సమస్య ఉంటే పోయేది మెదడు వేగంగా ఎదిగే టైమ్. జాతీయ విద్యా విధానం 2020 కూడా మెదడు వికాసంలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరిగిపోతుందని చెబుతోంది. ఆరేళ్ల తర్వాత నేర్చుకోలేరని కాదు కానీ, ముందు మొదలుపెడితే పని సులువు.

ఎక్కడికి వెళ్లాలి? ఏం చేస్తారు?

ముందు దగ్గర్లోని పిల్లల డాక్టర్ లేదా పీహెచ్‌సీ. ఖర్చు గురించి భయపడేవాళ్లకి గవర్నమెంట్ దారి ఒకటి ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, అంటే ఆర్‌బీఎస్‌కే టీమ్‌లు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకి వచ్చి పిల్లల్ని పరీక్షించాలి. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషకాల లోపాలు, జబ్బులతో పాటు వికాసంలో ఆలస్యాన్నీ వీళ్లు చూస్తారు. అవసరమైతే జిల్లా స్థాయిలో ఉండే డీఈఐసీ అనే ముందస్తు చికిత్స కేంద్రానికి పంపిస్తారు. అక్కడ సేవలు ఉచితం. ‘టీమ్ మళ్లీ ఎప్పుడొస్తుంది?’ అని మీ అంగన్‌వాడీ టీచర్‌ని అడగండి.

డాక్టర్ దగ్గర ఏం చేస్తారోనని భయం వద్దు. ముందు వినికిడి చూస్తారు, అవసరమైతే బెరా టెస్ట్ రాస్తారు. 16 నుంచి 30 నెలల పిల్లలకి ఎం-చాట్ అనే 20 ప్రశ్నల లిస్టు ఉంది. పెద్దవాళ్లు అవును, కాదు అని జవాబు చెబితే చాలు. స్పీచ్ థెరపీ అంటే మందులు, ఇంజెక్షన్లు కావు. బిడ్డతో ఎలా ఆడాలి, ఎలా మాట్లాడించాలి అన్నది మీకు కూడా నేర్పిస్తారు. వెళ్లేటప్పుడు తల్లీబిడ్డల కార్డు, బిడ్డ ఇంట్లో ఆడుకుంటున్నప్పుడు తీసిన రెండు నిమిషాల వీడియో తీసుకెళ్లండి. కొత్త చోట బిడ్డ బిగుసుకుపోతుంది కాబట్టి ఆ వీడియో డాక్టర్‌కి చాలా ఉపయోగపడుతుంది. ఫోన్‌తో బిడ్డకి అసలైన మేలు జరిగేది ఇలాంటప్పుడే.

ఇంకో మాట. బిడ్డకి మాట లేటైతే ఇంట్లో అందరి వేళ్లూ అమ్మ వైపే చూపిస్తాయి. ‘నువ్వు ఉద్యోగానికి పోబట్టే’, ‘నువ్వు ఫోన్ ఇవ్వబట్టే’ అంటారు. వినికిడి లోపం, ఆటిజం లాంటివి ఎవరి పెంపకం తప్పు వల్లా రావు. తప్పు ఎవరిదో తేల్చడానికి పట్టే టైమ్‌లో డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరుకుతుంది.

మరి మొదట చెప్పిన ఇంట్లో ఏం చేయాలి? నానమ్మ తన మాట వెనక్కి తీసుకోనక్కర్లేదు. ‘ఏం కాదులే’ అనే ధైర్యం ఆ అమ్మకి కావాలి. దానికి ‘అయినా ఓసారి చూపించుకొద్దాం పద, నేనూ వస్తా’ అనే మాట ఒక్కటి కలిపితే చాలు. బిడ్డకి పంచదార చిలకలు ఎప్పుడు తినిపించాలా అని అందరికంటే ఎక్కువగా ఎదురుచూస్తున్నది ఆవిడే కదా!